ఇల్లు మారేటప్పుడు పిల్లలు కుదురుకునేలా చూడటం ఎలా?

ఉద్యోగం బదిలీ అయినా, ఇంటివాళ్ళు ఖాళీ చేయమన్నా, ఏళ్ళ తరబడి వాయిదాలు కట్టిన ఫ్లాట్ చేతికొచ్చినా పెద్దలకు క్షణం తీరిక ఉండదు. అడ్వాన్సు, లారీ, గ్యాస్ కనెక్షన్, ముహూర్తం, పాలవాడి లెక్క వంటివన్నీ ఎవరో ఒకరు గుర్తుపెట్టుకుని చూసుకుంటారు. పిల్లల సంగతి వచ్చేసరికి మాత్రం "చిన్నవాళ్ళు, రెండు రోజుల్లో వాళ్ళే అలవాటు పడతారు" అని సరిపెట్టుకుంటారు. అలవాటు పడతారన్నది నిజమే గానీ, ఆ రెండు రోజులు కొందరికి రెండు నెలలవుతాయి, ఆ నెలలు ఎలా గడుస్తాయన్నది చాలావరకు పెద్దలు ముందుగా చేసిపెట్టిన పనుల మీద ఆధారపడి ఉంటుంది. రాజమహేంద్రవరం, ఒంగోలు, ఖమ్మం, నిజామాబాద్ వంటి ఊళ్ళ నుంచి హైదరాబాద్ అపార్ట్‌మెంట్లకు తరలివచ్చే కుటుంబాలను దృష్టిలో ఉంచుకుని ఈ సూచనలు రాస్తున్నాను. అలాంటి మార్పులో ఇంటితోపాటు వీధి, బడి, చుట్టూ వినబడే భాష, ఆడుకునే చోటు, ఒంటరిగా గేటు దాటి వెళ్ళగలిగే స్వేచ్ఛ అన్నీ ఒక్కసారిగా మారిపోతాయి. అదే ఊళ్ళో వీధి మారేవారు వీటిలో తమకు పనికొచ్చేవి తీసుకుంటే సరిపోతుంది.

చెప్పవలసినది ఎప్పుడు, ఎలా చెప్పాలి?

ఇల్లు మారబోతున్న సంగతి పిల్లలు తల్లిదండ్రుల నోటనే వినాలి. సాధారణంగా ఇలాంటి కబుర్లు పెద్దల ఫోను మాటల్లోనో, పక్కింటివారి పరామర్శల్లోనో వాళ్ళ చెవిన పడుతుంటాయి. సగం విన్నదానికి మిగతా సగం వాళ్ళే ఊహించుకుంటారు. మూడు నుంచి ఆరేళ్ళ వయసు పిల్లలు ఇంట్లో ఏం జరిగినా అందుకు తామే కారణమనుకోవడం సహజం కాబట్టి, గోడ మీద రంగు పెన్సిళ్ళతో గీసినందుకే ఇంటివాళ్ళు వెళ్ళగొడుతున్నారని లోలోపల నమ్మే పిల్లవాడు కూడా ఉండవచ్చు. నిర్ణయం ఖాయమైన వెంటనే అసలు కారణాన్ని చిన్న మాటల్లో చెప్పేస్తే ఆ భారం తప్పుతుంది. అప్పు తీర్చడానికి ఉన్న ఇల్లు అమ్ముకోవలసి వచ్చినా, లెక్కలన్నీ విప్పనక్కర్లేదు గానీ, కట్టుకథ చెప్పకూడదు. బంధువుల ద్వారా నిజం ఎలాగూ తెలుస్తుంది, అప్పుడు మీ తక్కిన మాటలను కూడా వాళ్ళు నమ్మరు.

బడి వయసు పిల్లలకు నెల, రెండు నెలల ముందు చెప్పడం మంచిది. మూడేళ్ళలోపు వారికి వారం ముందు చెబితే చాలు. ఇంకా ముందు చెబితే, రోజూ పొద్దున్నే "ఇవాళేనా?" అని అడుగుతూ ఆందోళన పడతారు. గోడకు వేలాడే తెలుగు క్యాలెండర్‌లో ఆ తేదీ చుట్టూ పిల్లల చేతనే గీత గీయించి, రోజుకొక గడి కొట్టేయమంటే ఎన్నాళ్ళుందో వాళ్ళకు కంటికి కనబడుతుంది.

"నీకు ఇష్టమేనా?" అని మాత్రం అడగవద్దు. నిర్ణయం అయిపోయాక అడిగే ఆ ప్రశ్నకు పిల్లవాడు "లేదు" అంటే మీ దగ్గర జవాబు ఉండదు, తన మాటకు విలువ లేదని వాడికి అర్థమవుతుంది. నిజంగా వదిలిపెట్టగలిగిన విషయాలను వాళ్ళకు వదిలిపెట్టండి. ఏ అలమర అర తనది, మంచం కిటికీ వైపా గోడ వైపా, కారులో ఒళ్ళో పెట్టుకుని వెళ్ళే సంచిలో ఏముండాలి, మొదటి రాత్రి భోజనంలోకి ఏం కావాలి అన్నవి వాళ్ళే తేల్చనివ్వండి. అలాగే కొత్త ఇంటిని అమ్మకానికి పెట్టినట్లు పొగడటం కూడా అంత మంచిది కాదు. లిఫ్టు ఉంది, ఈత కొలను ఉంది, కుక్కపిల్లను కొంటాం అని ఊరించి తీసుకువెళితే, అక్కడ అసోసియేషన్ నిబంధనల వల్ల వాటిలో ఒకటి రెండు దొరక్కపోయినా మోసపోయామనుకుంటారు. ఏడిస్తే ఏడవనివ్వాలి. ఆ ఏడుపును వెంటనే ఆపడానికి చేసే ప్రయత్నాలే చాలా వరకు బెడిసికొడతాయి.

పిల్లల్ని అమ్మమ్మగారింట్లో దింపడం గురించి

సామాను సర్దే వారం పిల్లలు అడ్డం పడతారని వాళ్ళను అమ్మమ్మ ఇంటికో, నానమ్మ దగ్గరికో పంపించి, అన్నీ అమర్చిన తరువాత నేరుగా కొత్త ఇంటికి తీసుకురావడం మన కుటుంబాల్లో చాలాచోట్ల ఉన్న అలవాటు. పెద్దలకు ఇది ఎంతో సౌకర్యం. పిల్లల వైపు నుంచి చూస్తే మాత్రం, సెలవులకని బయలుదేరినప్పుడు ఉన్న ఇల్లు తిరిగొచ్చేసరికి లేదు. దాన్ని ఖాళీ చేస్తుండగా చూడలేదు, ఎవరికీ వెళ్ళొస్తానని చెప్పలేదు. అలాంటి పిల్లలు చాలాకాలం పాటు "మన ఇంటికి ఎప్పుడు వెళ్దాం?" అని అడుగుతూనే ఉంటారు, మళ్ళీ ఎక్కడికి పంపించబోయినా వెళ్ళనని మొండికేస్తారు. మార్పు వాళ్ళ కళ్ళ ముందే జరగాలి, వీలైనంతలో వాళ్ళ చేతుల మీదుగా జరగాలి. ఈ ఒక్క విషయం పట్టించుకుంటే తక్కినవాటిలో ఒకటీ అరా తప్పినా ఫరవాలేదని నా అభిప్రాయం.

పాకే వయసు పసిపిల్లల్ని బరువైన పెట్టెల మధ్య ఉంచడం ప్రమాదం కాబట్టి ఆ ఒక్క రోజుకు ఎవరికైనా అప్పగించవచ్చు. అయినా లారీ కదిలే వేళకు వాళ్ళను తెచ్చి ఖాళీ గదులు చూపించాలి. పెద్ద పిల్లలకైతే నిజమైన పని ఇవ్వాలి. తమ పెట్టె మీద తమ పేరు తామే రాసుకోవాలి, ఆ పెట్టె లారీలోకి చివరగా ఎక్కి మొదటగా దిగాలి. విరిగిన బొమ్మలను, పొట్టివైపోయిన గౌన్లను పిల్లలు నిద్రపోయినప్పుడు పారేయడం అన్ని ఇళ్ళలోనూ జరిగేదే గానీ, ఈ ఒక్క నెల ఆ పని మానుకోండి. పసివాళ్ళు ఎక్కడికి వెళ్ళినా వెంట తీసుకువెళ్ళే దుప్పటి ముక్క, చెవి ఊడిన కుందేలు బొమ్మ వంటివి తల్లి దగ్గర లేనప్పుడు వాళ్ళకు ఎంత ధైర్యమిస్తాయో బ్రిటిష్ పిల్లల వైద్యుడు, మనోవిశ్లేషకుడు డోనాల్డ్ వినికాట్ 1950ల తొలినాళ్ళలోనే వివరించాడు. ఆ వస్తువును ఉతకకుండా, పెట్టెలో వేయకుండా చేతిలోనే ఉంచాలి. పాత వాసన పోకుండా ఉండటం కోసం దాంతోపాటు పాత పక్కదుప్పటిని కూడా మొదటి వారం అలాగే పరచండి.

తలుపు చెక్క మీద ఏటేటా గీసిన ఎత్తు గీతలుంటే పొడవాటి కాగితం మీదకు తేదీలతో సహా ఎక్కించుకోండి. జామచెట్టు, గేటు, మూలనున్న కిరాణా కొట్టు, బడికి వెళ్ళే దారి వీటన్నిటినీ పిల్లల చేతికే ఫోనిచ్చి ఫోటోలు తీయించండి. వెళ్ళొస్తామని చెప్పవలసినవాళ్ళ జాబితాలో పక్కింటివాళ్ళతోపాటు బడికి దింపే ఆటో ఆయన, ట్యూషన్ టీచరు, బడిలో ఆయా కూడా ఉండాలి. ఇద్దరు ముగ్గురు దగ్గరి స్నేహితుల తల్లిదండ్రుల ఫోను నంబర్లు తీసుకోవడం పెద్దవాళ్ళ బాధ్యత. ఆఖరి రోజు హడావుడిలో మరిచిపోయేది సరిగ్గా అదే.

ముహూర్తం, సెలవులు, సర్టిఫికెట్లు

ఆషాఢం, పుష్యం, మూఢం రోజులు తప్పించి మంచి రోజు చూసి పాలు పొంగించి, సామాను మాత్రం వీలు చూసుకుని తరువాత తెచ్చుకునేవాళ్ళు చాలామంది. ఈ వ్యవధి పిల్లలకు ఎంతో మేలు చేస్తుంది. ఏమీ లేని ఇంట్లో ఒక గదిలోంచి ఇంకో గదిలోకి పరిగెత్తి, కేకలు వేసి ప్రతిధ్వని విని, కిటికీల్లోంచి ఏం కనబడుతుందో చూసి వచ్చిన పిల్లవాడికి రెండోసారి వచ్చేటప్పటికి అది తెలిసిన చోటవుతుంది. దేవుడి పటం పట్టుకుని లోపలికి నడవడం, పొంగిన పాలతో చేసిన పాయసం అందరికీ అందించడం వంటి పని ఏదైనా వాళ్ళకు అప్పగించండి. సొంత ఇల్లయి, తెల్లవారుజామున గృహప్రవేశమైతే సంగతి వేరు. నిద్ర చాలక, హోమం పొగలో, వందమంది చుట్టాల మధ్య పిల్లలు చిరాకు పడితే అది కొత్త ఇంటి మీద అయిష్టం కాదు. ఆ రోజు వాళ్ళను చూసుకోవడానికి ఒక పిన్నినో బాబాయినో ప్రత్యేకంగా నియమిస్తే చాలు.

రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ బడులు ఇటీవల జూన్ 12 ప్రాంతంలో తెరుస్తున్నారు. ఏప్రిల్ చివర పరీక్షలవగానే మారితే నెలన్నర పాటు స్నేహితులెవరూ లేని ఎండాకాలం ఫ్లాట్లో గడపాలి, జూన్ 10న మారితే ఊపిరి తిప్పుకునే వ్యవధి ఉండదు. మే మూడో వారం ప్రాంతం అన్నివిధాలా అనుకూలం. ఏడాది మధ్యలో మారక తప్పనప్పుడు దసరా, సంక్రాంతి సెలవులు ఉండనే ఉన్నాయి. మధ్యలో చేరడంలో ఒక లాభం కూడా ఉంది: కొత్తగా వచ్చింది ఒక్కరే కాబట్టి టీచర్ల దృష్టి, తోటి పిల్లల కుతూహలం ఆ ఒక్కరి మీదే ఉంటాయి. పదో తరగతిలో మాత్రం సాధ్యమైనంతవరకు మార్చవద్దు. సీబీఎస్ఈలో పది, పన్నెండు తరగతుల్లో బడి మారాలంటే బోర్డు అనుమతి కావాలి, రాష్ట్ర బోర్డులో కూడా నామినల్ రోల్స్ (పరీక్ష రాసేవారి జాబితా) వెళ్ళిన తరువాత చిక్కులే. అవసరమైతే తల్లిదండ్రుల్లో ఒకరు ఆ ఏడాదికి పాత ఊళ్ళో ఉండిపోవడమే మేలు.

బదిలీ పత్రం(టీసీ)తోపాటు చదివిన ప్రతి తరగతికీ స్టడీ సర్టిఫికెట్ అప్పుడే తీసుకోండి. తెలంగాణలో ప్రభుత్వోద్యోగాలకు స్థానికత తేల్చేటప్పుడు 1 నుంచి 7 తరగతుల సర్టిఫికెట్లు అడుగుతున్నారు, ఆంధ్రప్రదేశ్‌లో 4 నుంచి 10 వరకు అడుగుతూ వచ్చారు. పదిహేనేళ్ళ తరువాత మూతబడిన ప్రైవేటు బడి కోసం వెతకడం ఎంత కష్టమో పడినవాళ్ళకు తెలుసు. వేరే రాష్ట్రానికి వెళ్ళేవారు టీసీ మీద విద్యాధికారి కౌంటర్ సంతకం అవసరమేమో చేరబోయే బడిని ముందే అడగాలి. టీసీ ఆలస్యమైందన్న కారణంతో ప్రభుత్వ, ఎయిడెడ్ బడులు ప్రవేశం నిరాకరించరాదని 2009 విద్యాహక్కు చట్టంలోని 5వ సెక్షన్ స్పష్టంగా చెబుతోంది. టీకాల కార్డు, మందుల చీటీలు లారీలో వేయకుండా చేతిసంచిలో పెట్టుకోవాలి.

కొత్త ఇంట్లో మొదటి వారాలు

పొయ్యి, దేవుడి మూల అమరిన వెంటనే అమర్చవలసినది పిల్లల పడక. టీవీ, సోఫా, షోకేసు పది రోజులాగినా నష్టం లేదు. మొదటి కొన్ని రాత్రులు అందరూ ఒకే గదిలో పడుకోండి. విడిగా పడుకునే అలవాటున్న పిల్లలకు కూడా మంచం మీద నుంచి స్నానాల గదికి దారి చీకట్లో తెలియదు కాబట్టి సాయంత్రమే ఒకసారి నడిపించి, ఏ స్విచ్చు ఎక్కడుందో వేలితో నొక్కించి చూపించి, ఒక చిన్న దీపం వెలిగించి ఉంచాలి. భోజనం, స్నానం, నిద్ర పాత వేళలకే జరగాలి. గోడలు మారినా గడియారం మారకూడదు.

పెంకుటిల్లు, డాబా ఇళ్ళలో పెరిగిన పిల్లలకు అపార్ట్‌మెంట్ ప్రమాదాలు తెలియవు. సంపు మూత సరిగా పడుతుందో లేదో వచ్చిన రోజే చూడండి. బాల్కనీ పిట్టగోడ దగ్గర కుర్చీ, స్టూలు, పూలకుండీ ఎక్కడానికి వీలుగా ఉంచకండి. సెల్లార్‌లో వెనక్కి వచ్చే కారు డ్రైవరుకు చిన్న పిల్లలు కనబడరు కాబట్టి అక్కడ దాగుడుమూతలు ఆడరాదని గట్టిగా చెప్పండి. గీజరు కుళాయి ఎటు తిప్పాలో, లిఫ్టు ఆగిపోతే ఏ మీట నొక్కాలో చేయించి చూపాలి. అన్ని అంతస్తులూ ఒకేలా ఉండే చోట పిల్లలు తప్పిపోవడం చాలా తేలిక. బ్లాకు, అంతస్తు, ఫ్లాటు నంబరు, అమ్మానాన్నల ఫోను నంబర్లు పద్యంలా కంఠతా రావాలి.

పిల్లలు పోగొట్టుకునే వాటిలో పెద్దలు తక్కువగా గుర్తించేది స్వేచ్ఛ. పాత ఊళ్ళో చెప్పులు వేసుకుని వీధి చివరి కొట్టుకు వెళ్ళి కొత్తిమీర కట్ట తెచ్చిన పదేళ్ళ పిల్ల, ఇక్కడ గేటు దాటడానికి కూడా పెద్దల తోడు కోసం ఎదురుచూడాలి. దానికి బదులు ఏదో ఒకటి త్వరగా సమకూర్చాలి. మొదట మీరు వెంట వెళ్ళి కింది కొట్టతనికి పరిచయం చేయండి, తరువాత చీటీ రాసిచ్చి పంపండి, మీరు బాల్కనీలోంచి చూస్తూ ఉండండి. సాయంత్రం అయిదింటికి ఆడుకునే పిల్లల గుంపు ప్రతి అపార్ట్‌మెంట్‌లోనూ ఉంటుంది గానీ, కొత్తగా వచ్చినవాళ్ళు దాని అంచునే నిలబడిపోతారు. "వెళ్ళి ఆడుకో" అని తోసేసే బదులు మొదటి వారం మీరు కిందికి దిగి అక్కడే కూర్చోండి. హైదరాబాద్‌లో ఆట చాలాచోట్ల తెలుగు, హిందీ కలిపి సాగుతుంది, హిందీ అసలు తెలియని పిల్లవాడు ఆటగాడైనా వెనకబడతాడు. నాలుగు ఆట మాటలు ఇంట్లోనే నేర్పిస్తే ఆ బెరుకు పోతుంది. ఇంట్లో అందరూ సామాను సర్దుతూ పిల్లలకు ఫోను ఇచ్చి కూర్చోబెట్టడం మొదటి రెండు రోజులకు క్షమించదగినదే గానీ, మూడో రోజుకు అదే అలవాటవుతుంది.

పండుగలు ఈ పనిని సులువు చేస్తాయి. మే, జూన్లలో వచ్చినవారికి ముందుగా తగిలే పండుగల్లో వినాయక చవితి ఒకటి. సెల్లార్‌లో పెట్టే మండపానికి చందా ఇవ్వడంతో ఆగకుండా, పత్రి తేవడం, ప్రసాదం పంచడం పిల్లలకు అప్పగించండి. బతుకమ్మ ఆడని ప్రాంతం నుంచి వచ్చిన ఆడపిల్లలు ఒక్క సాయంత్రం చప్పట్లు కొడుతూ తిరిగితే చాలు, మరునాటికి పేరు పెట్టి పిలిచేవాళ్ళుంటారు. బొమ్మల కొలువు, భోగిపళ్ళు ఉన్న కుటుంబాలు వాటికి అంతస్తులోని పిల్లలందరినీ పిలవవచ్చు.

బడిలో

బడి తెరవడానికి ముందే ఒకసారి తీసుకువెళ్ళి తరగతి గది, తాగునీరు, మరుగుదొడ్డి, బస్సు ఆగే చోటు చూపించండి. మరుగుదొడ్డి ఎక్కడో తెలియక, అడగడానికి సిగ్గుపడి సాయంత్రం దాకా బిగబట్టుకునే పిల్లలుంటారు. క్లాసు టీచరుతో రెండు నిమిషాలు మాట్లాడి పిల్లవాడికి ఏది బాగా వచ్చో, ఏది కొత్తో చెప్పి, కలుపుగోలుగా ఉండే పిల్లల పక్కన కూర్చోబెట్టమని అడగవచ్చు. సిలబస్ మారినప్పుడు మార్కులు కొంత తగ్గుతాయి. మొదటి నెలలోనే ట్యూషన్ పెట్టించి ఉన్న ఒక్క ఆటవేళను కూడా తీసేయడం తొందరపాటు.

శ్రీకాకుళం పిల్లవాడి యాసను హైదరాబాద్‌లోనో, కరీంనగర్ పిల్ల మాటను విజయవాడలోనో తోటివారు వెక్కిరించడం ఇప్పటికీ జరుగుతోంది. "నువ్వూ వాళ్ళలాగే మాట్లాడు" అని ఇంట్లో సరిదిద్దితే తప్పు తన మాటదేనని ఒప్పుకున్నట్లవుతుంది. ఇంట్లో ఎప్పటిలాగే మాట్లాడండి, వెక్కిరింత రోజువారీ వేధింపుగా మారితే టీచరు దృష్టికి తీసుకువెళ్ళండి. తెలుగు సబ్జెక్టు పోతుందేమోనన్న దిగులు తెలంగాణకు వచ్చేవారికి అక్కర్లేదు, 2018లో చేసిన చట్టం సీబీఎస్ఈ, ఐసీఎస్ఈ బడులకు కూడా తెలుగు బోధనను తప్పనిసరి చేసింది. బెంగళూరు, చెన్నై వెళ్ళేవారు మాత్రం అక్కడి భాషకు సిద్ధపడాలి. కర్ణాటకలో 2015 నాటి కన్నడ భాషా చట్టం, తమిళనాడులో 2006 నాటి తమిళ చట్టం ఆ భాషలను బడుల్లో తప్పనిసరి చేశాయి. తెలుగు చక్కగా చదవగలిగిన పిల్లలకు కన్నడ లిపి త్వరగా పట్టుబడుతుంది కాబట్టి వేసవిలోనే దుకాణాల బోర్డులు చదివించడం మొదలుపెట్టవచ్చు. తమిళానికి మరికొంత సమయం కావాలి.

దిగులు కనబడే తీరు

అయిదేళ్ళ పిల్ల మళ్ళీ పక్క తడపడం, వేలు నోట్లో పెట్టుకోవడం, తల్లి కొంగు వదలకపోవడం, ఏడేళ్ళ పిల్లవాడికి సోమవారం పొద్దున్నే కడుపునొప్పి రావడం మొదటి వారాల్లో మామూలే. కోప్పడకుండా, నలుగురిలో చెప్పకుండా ఉంటే వాటంతటవే తగ్గుతాయి. పదమూడు, పద్నాలుగేళ్ళవారి దిగులు ఎక్కువగా మౌనంగానో, విసురుగానో బయటపడుతుంది. పాత స్నేహితులతో మాట్లాడటానికి రోజూ ఒక వేళ ఇవ్వడం వాళ్ళకు అన్నిటికంటే ఉపయోగపడుతుంది. కొత్తవాళ్ళతో కలవనివ్వదన్న భయంతో ఆ ఫోను మాన్పించవద్దు. ఇంట్లో నానమ్మో తాతయ్యో ఉంటే వాళ్ళు కూడా అరుగును, గుడిని, సాయంత్రపు కబుర్లను వదిలి వచ్చినవాళ్ళేనని గుర్తుంచుకోవాలి. తాతనూ మనవడినీ కలిపి రోజూ పార్కుకో, గుడికో పంపితే ఇద్దరికీ దారి తెలుస్తుంది.

రెండు, మూడు నెలలు గడిచినా తిండి, నిద్ర కుదురుకోకపోయినా, వారాల తరబడి బడికి వెళ్ళనని మొరాయించినా పిల్లల వైద్యుడికి చూపించాలి. చచ్చిపోవాలన్న మాట నోట వస్తే ఒక్క రోజు కూడా ఆగకూడదు. 2022 అక్టోబరులో మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ సేవ టెలీ మానస్‌కు 14416 నంబరులో రోజంతా ఎప్పుడైనా ఉచితంగా ఫోను చేసి తెలుగులో మాట్లాడవచ్చు. హైదరాబాద్ ఎర్రగడ్డలోని మానసిక చికిత్సాలయంలో, విశాఖపట్నంలోని ప్రభుత్వ మానసిక వైద్యశాలలో నిపుణులు ఉన్నారు.

పాత ఊరికి మొదటి ప్రయాణాన్ని మరీ త్వరగా పెట్టుకోవద్దు. వచ్చిన నెలలోపే వెళితే తిరుగు ప్రయాణంలో మళ్ళీ మొదటి రోజు ఏడుపే ఎదురవుతుంది. దసరాకో సంక్రాంతికో వెళదామని తేదీతో సహా చెప్పి, మాట తప్పకుండా తీసుకువెళ్ళండి. వెళ్ళే ముందు స్నేహితుల ఇళ్ళకు ఫోను చేసి వాళ్ళు ఊళ్ళోనే ఉంటారో లేదో కనుక్కోండి, ఎందుకంటే పండుగకు వాళ్ళు కూడా ఊరికి వెళ్ళిపోయి ఉంటే ప్రయాణమంతా వృథా అవుతుంది. పాత ఇంట్లో ఇప్పుడు వేరేవాళ్ళుంటారని, గేటు బయటి నుంచే చూడాలని దారిలోనే చెప్పండి. కొత్త స్నేహితుల కోసం అక్కడి నుంచి ఏమైనా కొనుక్కుంటానంటే, పూతరేకులో జీళ్ళో ఇంకొక పొట్లం ఎక్కువే కట్టించండి.